సైకిలు దిగే విద్య

మా చిన్నతనంలో బందరులో గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చే షాపులు వుండేవి. సెలవు రోజు వచ్చినదంటే చాలు, ఇంట్లో అడిగి తెచ్చుకొన్న చిల్లర డబ్బులు షాపు యజమాని చేతిలో పోసి, వున్న వాటిలో పొట్టి సైకిలు ఒకటి తీసుకొని, ముగ్గురు నలుగురు పిల్లలం కలిసి బయలుదేరేవాళ్ళం. ఒకరు ఎక్కితే ఇద్దరు వెనుకనుండి పట్టుకొనేవారు. నాలుగు సెలవులు గడిచేసరికి ఎక్కడం వచ్చినది, తొక్కడం వచ్చినది. దిగడం మాత్రం రాలేదు. వీధిలో ఎవరి ఇంటి అరుగు ఎత్తుగా వున్నదో చూచుకొని, అక్కడి దాకా పోయి, దాని మీద కాలు మోపి ఆగేవాళ్ళం. ఆ అరుగు మీద పెద్దవారెవరైనా కూర్చుని వుంటే మొగమాటపడి మరొక చుట్టు తిరిగి వచ్చేవాళ్ళం. అద్దె గంట గడిచిపోయినా సైకిలు తిరిగి అప్పగించకపోవడానికి అసలు కారణం మాకు దిగడం చేతకాకపోవడమేనని ఆ యజమానికి ఏనాడూ తెలియలేదు.

భారతకథలో అభిమన్యుడికి పద్మవ్యూహంలో ప్రవేశించడం తెలుసు. వెలుపలికి రావడం తెలియదు. సైకిలు నేర్చుకొనేవారిలో చాలామంది పరిస్థితి ఇదే. ముందు ఎక్కడం, తరువాత తొక్కడం, దిగడం మాటకు వస్తే అప్పటికేది తోస్తే అది. ఈ వరుసను తిరగవేయవలెనన్నదే మేము ఈ ప్రసంగంలో చెప్పదలచుకొన్న విషయం. ఆగడం, దిగడం ముందు నేర్చుకొన్నవారికి ఎక్కడం దానంతట అదే వస్తుంది. దిగడం రానివారికి ఎంత దూరం తొక్కినా గుండెలో బెదురు పోదు.

ఈ మాట మాట్లాడవలెనని మాకు తోచడానికి దివిసీమ నుండి వచ్చిన ఒక జాబు కారణం. కోడూరు ప్రాంతపు పల్లెటూరి నుండి ఒక తల్లి వ్రాసినారు. వారి అమ్మాయి తొమ్మిదవ తరగతి చదువుతున్నది. బడి ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరం, బాట కాలువ గట్టు వెంబడి. మేనమామ ముచ్చటపడి సైకిలు కొనిపెట్టినాడు. అమ్మాయి వారం రోజులు చక్కగా తొక్కుకొంటూ పోయినది. ఎనిమిదవ నాడు గట్టు మీద ట్రాక్టరు ఎదురైనది. ఆగవలెననుకొన్నది, ఆగడం తెలియలేదు. సైకిలుతో సహా గట్టు జారి కాలువలో పడినది. నీరు తక్కువగా వుండే రోజులు కనుక మోచేయి గీసుకొనిపోవడంతో ఆపద తప్పినది. ఆనాటి నుండి సైకిలు మీద గోనెపట్టా కప్పి వసారాలో గోడకు ఆనించినారు. అమ్మాయి పై తరగతి పిల్లలతో కలిసి నడిచి పోతున్నది. ఆ పిల్లలు ఈ ఏడుతో పదవ తరగతి ముగించి వెళ్ళిపోతారు. ఆ తరువాత తోడు వుండదు. తోడు లేకపోతే బడి మాన్పించేద్దామని ఇంటి యజమాని అంటున్నారు. “అయ్యా, మా అమ్మాయికి తొక్కడం వచ్చు. భయం పోయే ఉపాయమేదైనా వుంటే సెలవియ్యండి” అని ఆ తల్లి అడిగినారు.

భయం పోగొట్టే మందు మా దగ్గర లేదు. కాని ఆ భయం ఎక్కడ పుట్టినదో ఆ జాబులోనే వున్నది.

ఈ డెల్టా నేల సంగతి ముందు చూడండి. బెజవాడ దగ్గర కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తి అయినది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. ఆనకట్ట నుండి కాలువలు, కాలువల వెంట గట్లు, గట్ల మీద బాటలు ఏర్పడినవి. గుడివాడ నుండి గుడ్లవల్లేరు, పెడన మీదుగా బందరుకు వచ్చినా, బందరు నుండి చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డకు పోయినా మిట్ట అన్నది కనబడదు. ఎత్తు అంటే వంతెన దగ్గర, లేకపోతే గట్టు ఎక్కే వాలు దగ్గర. తొక్కడానికి ఇంతకంటె అనువైన నేల మరొకటి లేదు. అయితే ఆగడానికి ఇదే నేల అంత అనుకూలం కాదు. గట్టు మీద ఒక ప్రక్క నీరు, మరొక ప్రక్క పల్లంలో చేను. వాన కురిస్తే నల్లరేగడి జిగట కాలు నిలువనివ్వదు. కనుక ఈ సీమలో సైకిలు నేర్చుకోవడమంటే కాలు మోపే చోటు ఎంచుకోవడం నేర్చుకోవడమే.

సైకిలు చరిత్ర తిరగవేసినా ఈ సంగతే కనబడుతుంది. 1817లో జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల బండి ఒకటి చేసి నడిపినాడు. దానికి పెడళ్ళు లేవు. నడుమ కూర్చుని రెండు కాళ్ళతో నేలను తన్నుకొంటూ పోవలె. కాళ్ళు ఎప్పుడూ నేలమీదనే కనుక ఎక్కడం, దిగడం అనే సమస్యే లేదు. 1860ల దశాబ్దంలో ఫ్రాన్సు దేశంలో ముందు చక్రానికి పెడళ్ళు వచ్చినవి. అవి ఒకసారి తిరిగితే చక్రం కూడా ఒకసారే తిరుగుతుంది. చక్రం ఎంత పెద్దదైతే అంత దూరం పోవచ్చునని ముందు చక్రాన్ని పెంచుకొంటూ పోయి, చివరకు దాదాపు మనిషి భుజం ఎత్తు చేసినారు. అటువంటి సైకిలు ఎక్కడానికి వెనుక చిన్న చక్రం మీద ఒక మెట్టు వుండేది. సైకిలును తోసుకొంటూ, ఆ మెట్టు మీద కాలు వేసి, పైకి ఎగిరి కూర్చోవలె. దిగేటప్పుడు మళ్ళీ వెనుకకు జరిగి, కంటికి కనబడని ఆ మెట్టును కాలితో వెదకి పట్టుకోవలె.

అమెరికా రచయిత మార్క్ ట్వేయిన్ 1880ల దశాబ్దంలో, నలభై ఏండ్లు దాటిన తరువాత, ఇటువంటి ఎత్తు సైకిలు నేర్చుకొన్నాడు. ఆ పాట్లను గురించి హాస్యంగా వ్యాసం వ్రాసినాడు. ఆ వ్యాసం ఆయన మరణించిన తరువాత 1917లో అచ్చయినది. ఇష్టం లేకుండా దిగడం మొదటనే అలవడిపోయినదనీ, ఇష్టపూర్వకంగా దిగడం మాత్రం అన్నిటికంటె చివర వచ్చినదనీ ఆయన చమత్కరించినాడు. బందరు అరుగుల చుట్టూ తిరిగిన మాకు ఆ హాస్యంలోని నిజం బాగా తెలుసు.

1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ నేటి సైకిలుకు మూలరూపం తయారుచేసినాడు. రెండు చక్రాలు ఇంచుమించు సమానంగా వుంటవి. పెడళ్ళు నడుమ వుండి, చైను ద్వారా వెనుక చక్రాన్ని త్రిప్పుతవి. ఆ రోజులలో ఈ రకం సైకిలుకు జనం పెట్టుకొన్న పేరు ‘సేఫ్టీ’. భద్రత ఎక్కడ వున్నదంటే, తొక్కేవాడి కాలు నేలకు అందడంలో వున్నది. 1888లో డన్లప్ గాలి టైరు వచ్చి ప్రయాణం సుఖమైనది. కాని సైకిలు సామాన్యుల వాహనం కావడానికి మొదటి మెట్టు, కావలసినప్పుడు నేలమీద కాలు పెట్టగలగడమే.

ఇక శాస్త్రం చెప్పేదేమిటో చూద్దాము. రెండు చక్రాల బండి పడిపోకుండా ఎట్లా నిలుస్తున్నది? చక్రాలు బొంగరం వలె తిరగడం వల్లనే నిలుస్తున్నదని చాలాకాలం చెప్పుకొన్నారు. 1970లో డేవిడ్ జోన్స్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, ఎదురు దిశలో తిరిగే మరొక చక్రాన్ని అమర్చి బొంగరపు బలాన్ని రద్దు చేసిన సైకిలును తయారుచేసినాడు. దానిని కూడా తొక్కగలిగినాడు. 2011లో మరికొందరు పరిశోధకులు, ఆ బలం గాని, ముందు చక్రం అమరికలోని మరొక గుణం గాని లేకపోయినా తనంతట తాను నిలిచి పోగల నమూనా సైకిలును చేసి చూపినారు. ఈ చర్చలో పండితులకు ఇంకా పని వున్నది. నేర్చుకొనేవారికి కావలసిన సంగతి మాత్రం ఒకటే. సైకిలు ఎటు వాలితే హ్యాండిలు కొంచెం అటే తిరగవలె. అప్పుడు చక్రాలు మన బరువు క్రిందికి వచ్చి చేరుతవి. కర్రను అరచేతిలో నిలబెట్టే పిల్లవాడు కర్ర ఎటు ఒరిగితే చేయి అటు జరుపుతాడు. ఇదీ అటువంటిదే.

ఈ సర్దుబాటు జరగడానికి వేగం వుండవలె. వేగంగా పోయే సైకిలుకు హ్యాండిలు వెంట్రుకవాసి కదిలితే చాలు. నెమ్మదిగా పోయేదానికి అటూ ఇటూ బాగా త్రిప్పవలసి వస్తుంది. పూర్తిగా ఆగినదానికి ఎంత త్రిప్పినా ప్రయోజనం లేదు, కాలే దిక్కు. సైకిలు ప్రయాణంలో వేగం అతి తక్కువగా వుండేవి రెండే ఘడియలు: ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు. కనుకనే మైళ్ళ కొద్దీ నిబ్బరంగా తొక్కేవారు కూడా ఈ రెండు చోట్ల తడబడతారు. ఇందులో పిరికితనమేమీ లేదు. ఆ రెండు ఘడియలలో సైకిలు నిజంగానే అస్థిరంగా వుంటుంది.

నేర్చుకోవడానికి చోటు ఏది? గట్టు మాత్రం కాదు, రోడ్డు అసలే కాదు. నూర్పిడి అయిపోయిన కళ్ళం మంచిది. గట్టిగా, చదునుగా వుంటుంది. బడి ఆవరణ, దేవాలయం ముందటి ఖాళీ స్థలం కూడా పనికి వస్తవి. వాలు కావలెననుకొంటే, క్రింద ఖాళీ నేల మీద ముగిసే వాలు చూచుకోవలె. కాలువలోకో రోడ్డులోకో దిగే వాలు కూడదు.

సైకిలును కూడా నేర్చుకొనేవారికి తగినట్లు సర్దవలె. సీటును బాగా క్రిందికి దింపించి, దాని మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేటట్లు చూడవలె. తొక్కడానికి ఈ ఎత్తు చాలదు, మోకాళ్ళు నొస్తవి. కాని నేర్చుకొనే వారం పది రోజులకు ఇదే కావలె. ధైర్యం వచ్చిన తరువాత కొద్దికొద్దిగా పైకి ఎత్తించవచ్చును. వీలైతే సైకిలు షాపులో రెండు పెడళ్ళూ కొన్నాళ్ళు తీయించి వుంచడం మంచి ఉపాయం. ఎడమ పెడలు మర అందరికీ తెలిసిన మరకు వ్యతిరేక దిశలో వుంటుంది. ఆ సంగతి తెలియక ఇంట్లో బలంగా త్రిప్పితే మర చెడిపోతుంది. బ్రేకులు రెండూ పట్టుతున్నవో లేదో, ఏ చేతిది ఏ చక్రానిదో ముందే చూచుకోవలె. చైను మీద కవరు వుండవలె. ఓణీ అంచు, చున్నీ, పంచె కుచ్చెళ్ళు, ఇవి చైనులోనో చక్రం పుల్లలలోనో పడితే దిగే ఘడియ మన చేతిలో వుండదు.

మొదటి రోజు ఎక్కనే వద్దు. సైకిలుకు ఎడమ ప్రక్క నిలబడి, హ్యాండిలు రెండు చేతులతో పట్టుకొని, కళ్ళం చుట్టూ నడిపించుకొని పోవలె. పది అడుగులకొకసారి రెండు బ్రేకులూ కలిపి మెత్తగా నొక్కి ఆపవలె. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టితే వెనుక చక్రం ఎట్లా లేవబోతుందో చేతికే తెలుస్తుంది. సైకిలు బరువు ఎంత, అది ఎటు ఒరిగితే ఎంత బలంతో నిలపవలె అన్నది ఒంటికి అలవడుతుంది.

రెండవ మెట్టు, డ్రైస్ బండి వలె తోసుకొని పోవడం. సీటు మీద కూర్చుని, రెండు కాళ్ళతో నేలను తన్నుతూ ముందుకు పోవలె. మూడు నాలుగు తన్నులు తన్ని, పాదాలు కొంచెం పైకెత్తి, జారినంత దూరం జారి, బ్రేకు నొక్కి, కాళ్ళు దింపవలె. ఇట్లా వందసార్లు ఆగినవారికి ఆగడం గురించి చెప్పవలసిన పని వుండదు. చూపు మాత్రం ముందు చక్రం మీద కాక ఇరవై అడుగుల దూరాన వుండవలె.

ఇప్పుడు పెడళ్ళు బిగించి, దిగే పద్ధతి నేర్చుకోవలె. దిగడం కాలితో మొదలు కాదు, కంటితో మొదలవుతుంది. ఎక్కడ ఆగవలెనో ముప్పై నలభై అడుగుల ముందే నిశ్చయించుకోవలె. తొక్కడం మానవలె. రెండు బ్రేకులూ మెల్లగా కలిపి నొక్కవలె. కుడి పెడలు అడుగుకు వచ్చేటట్లు చేసి, దాని మీద బరువు మోపి, సీటు మీదనుండి ముందుకు జారి లేవవలె. సైకిలు ఆగబోయే క్షణంలో కొద్దిగా ఎడమకు ఒరిగి, ఎడమ కాలు నేలకు దింపవలె. వెనువెంటనే కుడికాలు కూడా దింపి, బ్రేకులు పట్టుకొనే వుండి, సైకిలును రెండు కాళ్ళ నడుమ నిలపవలె. అప్పుడు మాత్రమే సైకిలును ఎడమకు వంచి, కుడికాలు వెనుకనుండి ఇవతలకు తీసుకోవలె. ఆగడం ఒక పని, దిగడం మరొక పని. ఈ రెండూ ఒకేసారి చేయబోయేవారే తరచుగా పడిపోతారు.

మన దేశంలో బండ్లు రోడ్డుకు ఎడమ ప్రక్కన పోతవి కనుక ఎడమకాలు దింపడం మామూలుగా క్షేమం. కాని కాలువ ఎడమవైపు వున్నప్పుడు నీటి వైపు ఒరగడం కూడని పని. కనుక డెల్టావాసులు రెండు కాళ్ళతోనూ ఆగడం అభ్యాసం చేయవలె. నీరు ఎటు వున్నదో చూచుకొని, నేల వైపు కాలు దింపవలె.

ఎక్కడం దీనికి సరిగ్గా తిరగవేసిన వరుస. బ్రేకులు పట్టుకొని, సైకిలును తనవైపు వంచి, కుడికాలు అవతలకు వేసి, సీటుకు ముందు రెండు కాళ్ళూ నేలపై ఆనించి నిలబడవలె. ఇంకా కూర్చోకూడదు. కుడికాలి వేళ్ళతో కుడి పెడలును పైకెత్తి, గడియారంలో రెండు గంటల అంకె వుండే చోటికి తేవలె. వెనుక ఏమైనా వస్తున్నదేమో తల త్రిప్పి చూడవలె. తరువాత చూపు ముందుకు త్రిప్పి, బ్రేకులు వదిలి, ఆ పెడలును దృఢంగా త్రొక్కవలె. ఆ ఒక్క త్రొక్కుడు రెండు పనులు చేస్తుంది: సైకిలుకు వేగం ఇస్తుంది, మనను సీటు ఎత్తుకు లేపుతుంది. అప్పుడు కూర్చుని, ఎడమకాలు రెండవ పెడలు మీదికి చేర్చవలె. పెడలు ఎక్కడున్నదా అని క్రిందికి చూడవలసిన పని లేదు. కాలు దానిని కనుగొంటుంది.

మన పెద్దలు చాలామంది ఎక్కే పద్ధతి వేరు. ఎడమ పెడలు మీద ఎడమకాలు మోపి, కుడికాలితో నేలను రెండు మూడుసార్లు తన్ని, సైకిలు పరుగెత్తగానే కాలు వెనుకనుండి త్రిప్పి సీటు ఎక్కుతారు. చూడడానికి చాలా ముచ్చటగా వుంటుంది. ఎత్తయిన నల్లని పాతకాలపు సైకిళ్ళకు అది పుట్టినది. సీటు దించే అలవాటు లేక, కాలు నేలకు అందక ఆ నేర్పు అవసరమైనది. ఎడమవైపు నుండి ఎక్కడంలో లాభం కూడా వున్నది: చైను కుడి ప్రక్కన వుంటుంది కనుక బట్టలకు దూరం. ఈ పద్ధతిని మేము తప్పుపట్టడం లేదు. కాని సైకిలు కదులుతూ వుండగా ఒక కాలి మీద నిలిచి చేసే పని ఇది. నేర్చుకొనేవారికీ, మోకాళ్ళు పట్టు తప్పినవారికీ, బరువు వేసుకొన్నవారికీ ఇది తగదు.

బరువు మాట వచ్చినది కనుక చెబుతాము. కారియరు మీద గడ్డిమోపు వున్నా, పాలక్యాన్లు వ్రేలాడుతున్నా, చేపల బుట్ట కట్టినా కాలు వెనుకనుండి త్రిప్పడం కుదరదు. సైకిలును బాగా వంచి, మోకాలు మడిచి బారు మీదుగా కాలు దాటించవలె. బారు లేని లేడీసు సైకిలు ఈ పనికి ఎంతో అనుకూలం. మగవారు దానిని వాడడంలో చిన్నతనమేమీ లేదు. పిల్లవాడిని వెనుక ఎక్కించుకొంటే, ముందు పెద్దవారు రెండు కాళ్ళూ నేలకు ఆనించి, బ్రేకులు పట్టి నిలబడవలె. ఆ తరువాతనే పిల్లవాడు ఎక్కవలె. దిగేటప్పుడు పిల్లవాడు ముందు, పెద్దవారు తరువాత. పిల్లల పాదాలు చక్రం పుల్లలలో పడి నలిగే ప్రమాదం ఈ ఎక్కే, దిగే తొందరలోనూ వుంటుంది. కనుక చక్రానికి వల వేయించడం మరువకూడదు.

తప్పక దిగవలసిన చోట్లు కొన్ని వున్నవి. నాగాయలంక దాటి ఎదురుమొండి దీవికి పంటు మీద పోయేవారు రేవు వాలుకు ముందే దిగి సైకిలు నడిపించవలె. తడిసిన బల్లల మీద ఏ బ్రేకూ పట్టదు. 216వ నంబరు జాతీయ రహదారి బందరు, చల్లపల్లి, మోపిదేవి ప్రాంతాల గుండా పోతున్నది. ఊరి బాట నుండి దాని మీదికి వచ్చేవారు ఆగి, దిగి, అటూ ఇటూ చూచి, సైకిలు నడిపించుకొంటూ దాటవలె. వాన కురిసి జిగటెక్కిన గట్టు మీద కూడా ఇంతే.

1605లో డచ్చివారు బందరులో వర్తక స్థావరం పెట్టినారు. వారి దేశమైన నెదర్లాండ్సు మన డెల్టా వలెనే పల్లపు నేల, కాలువల నేల. నేడు సైకిళ్ళకు ప్రపంచ ప్రసిద్ధి పొందిన దేశం. అక్కడ వృద్ధుల సైకిలు ప్రమాదాలను పరిశీలించినవారు ఒక సంగతి గుర్తించినారు. ఏ ఇతర వాహనమూ తాకకుండానే పడిపోయినవారిలో ఎక్కుతూనో దిగుతూనో పడినవారు చెప్పుకోదగినంతమంది వున్నారు. కనుక వయస్సు మళ్ళినవారికి సీటు తగ్గించమనీ, బారు లేని సైకిలు వాడమనీ సలహా ఇస్తున్నారు. అరవై దాటిన మన తాతగార్లు కూడా ఈ మాట చెవిని పెట్టవలె. ఎగిరి ఎక్కిన నాటి గుర్తు మనస్సులో వుంటుంది గాని మోకాలిలో వుండదు.

చివరగా ఆడవారి మాట. 1990ల దశాబ్దం ఆరంభంలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగినప్పుడు, అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ ఆడవారికి సైకిలు నేర్పడాన్ని అందులో భాగం చేసినారు. వేలాదిమంది గ్రామీణ స్త్రీలు నేర్చుకొన్నారు. లేడీసు సైకిళ్ళు దొరకక మగవారి సైకిళ్ళ మీదనే నేర్చుకొన్నవారూ వున్నారు. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదవ తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చే పథకం ఆరంభించినది. 2010ల దశాబ్దం రెండవ భాగంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ‘బడికొస్తా’ అనే పేరుతో ఆడపిల్లలకు సైకిళ్ళు పంచినది. సైకిలు ఇవ్వడం మంచి పని. దానితోపాటు నాలుగు సాయంకాలాలు కళ్ళంలో నిలబడి ఆగడం, దిగడం నేర్పేవారు ఒకరుంటే ఆ సైకిలు గోడకు ఆనదు. తల్లిదండ్రులు, అన్నలు, వ్యాయామోపాధ్యాయులు ఎవరైనా ఈ పని చేయవచ్చును. పరుగెత్తి పట్టుకొనే పని కూడా లేదు. ప్రక్కన నిలిచి, “ఇక ఆగు” అని అప్పుడప్పుడు అంటే చాలు.

దివిసీమ తల్లికి మేము ఇంచుమించు ఈ మాటలే వ్రాసి పంపినాము. రెండు నెలలకు మరొక జాబు వచ్చినది. సీటు దింపించినారట. ఊరి చివర కళ్ళంలో మేనమామే దగ్గర వుండి, పది రోజులు వట్టి ఆగడమే నేర్పినాడట. మొదటి రోజులలో ఇదేమి చదువని అమ్మాయి నవ్వినదట. ఇప్పుడు గోనెపట్టా మళ్ళీ ధాన్యం మీదికి పోయినది. సైకిలు బడికి పోతున్నది. “గట్టు మీద ట్రాక్టరు కనబడితే మా అమ్మాయి ఇప్పటికీ వెడల్పు చోటు చూచి దిగి నిలబడుతుందండీ, భయం ఇంకా పూర్తిగా పోలేదు” అని ఆ తల్లి కొంత చింతగా వ్రాసినారు.

చింతించవద్దని జవాబు వ్రాసినాము. ఆ అమ్మాయి దిగవలసిన చోట దిగుతున్నది. బందరులో అరుగుల చుట్టూ తిరిగిన రోజులలో మాకు చేతకానిది అదే.